చాందినీ మీద కాపురం

మణిగుండం అని ఒకప్పుడు ఓ చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే చండవర్మకు శత్రువులెవరూ లేరు. అదే ఆయన బెంగ. లేరంటే కనబడకుండా ఉన్నారని ఆయన లెక్క. వంటవాడు నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. మంత్రి తుమ్మితే ఎవరికి సైగ చేశాడోనని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆ ఏడు తొలకరి రోజుల్లో సింహాసనం పైనున్న చాందినీ జరీ కుచ్చులు పలచబడుతూ వచ్చాయి. రోజుకు నాలుగు పోగులు మాయం. దొంగయితే కుచ్చు మొత్తం కోసుకుపోతాడు గానీ పోగులెందుకు లాగుతాడు? రాజు తన నెత్తిమీది దారాలతో ఎవరో చేతబడి చేయిస్తున్నారని తేల్చేసుకున్నాడు. వేగులవాళ్ళ పెద్ద కామినేణ్ణి పిలిచి, "మూడు రోజుల్లో పట్టుకో. లేకపోతే నువ్వే చేశావనుకుంటాను" అన్నాడు.

అంతమాట విన్నాక ఎవడైనా ఎవరో ఒకణ్ణి పట్టుకోక ఏం చేస్తాడు? మూడోనాడు కామినేడు తోటమాలి గురప్పను పెడరెక్కలు విరిచికట్టి సభకు ఈడ్చుకొచ్చాడు. వాడి మొలలో దొరికిన తాటాకు రాజు చేతికిచ్చాడు.

తాటాకు మీద "ఈ ఏటి గూళ్ళు" అని ఉంది. రాజు కింది వరస చదివాడు.

"నీలం అంగీవాడు ఏటిగట్టుకు సొరంగం తవ్వుతున్నాడు. మూరెడు లోతయింది."

రాజు సింహాసనం కింది నేల కేసి చూశాడు.

"పసుపు తలపాగావాడు బావి మీద తాళ్ళు పేనుతున్నాడు. మేడ సగమైంది. ఆవిడ వచ్చి చూసి సరేనంటే మిగతాది పూర్తి చేస్తాడు."

ఆవిడెవరు? రాణివాసం వైపు తెరలన్నీ ఒకసారి పరికించాడు.

"నల్లోడింట్లో పరాయిపిల్ల పెరుగుతోంది. నల్లోడికి ఇంకా తెలియదు."

రాజుది చామనఛాయ కన్నా ఓ పిసరు ఎక్కువే. పక్కనే కూర్చున్న యువరాజు ముక్కు కేసి అదేపనిగా చూసి, తన ముక్కు తడుముకున్నాడు.

"మట్టిరంగు జంట పెద్దాయన నెత్తిమీదే కాపురం పెట్టింది. బంగారుదారం రోజుకింత చేరుతోంది. అమావాస్య వెళ్ళాక బయటికొస్తారు."

ఇంకేం కావాలి? రాజు తాటాకు విసిరికొట్టాడు.

"గూళ్ళట, గూళ్ళు. గూడుపుఠాణి అని పూర్తిగా రాయడానికి చెయ్యి రాలేదా?"

"అవి పిట్టలు దొరా" అన్నాడు గురప్ప. "కొమ్మలు కొట్టేవాళ్ళకి చెప్పడానికి రాసుకున్నాను. గుడ్లున్నచోట కత్తి పడకూడదని."

"పిట్టలైతే పేర్లేవి?"

"గుడ్ల మీదున్నప్పుడు పేరెత్తితే దిష్టి తగులుతుంది దొరా. మా ఇంట్లో ఎవరం ఎత్తం."

"నా దగ్గర పిట్టకథలు చెప్పకు" అన్నాడు రాజు. "రేపు పొద్దు వాలేలోగా ఇంటిల్లిపాదీ పొలిమేర దాటాలి. ఇల్లు నేలమట్టం చేయించండి."

గురప్ప రాజు కాళ్ళ మీద పడ్డాడు. వాడి కూతురు నిండు నెలలతో పురిటికి వచ్చి ఉంది. ఆ పిల్ల నడవలేదని, నెల్లాళ్ళు గడువిమ్మని ఏడ్చాడు. అసలది కడుపేనా, లోపలేమైనా దాచారా అని రాజుకు ఇంకో అనుమానం పుట్టింది.

సభలో పేరిభట్టు అని ఒక చమత్కారి ఉండేవాడు. అతను తాటాకు తీసుకుని చదివి, ఒక్కసారి పైకప్పు కేసి చూసి తల దించుకున్నాడు. రాజు అదీ గమనించాడు. వీడు పైకెందుకు చూసినట్టు?

"ప్రభూ, ఈ శిక్ష ఏ మూలకూ చాలదు" అన్నాడు పేరిభట్టు. "ఈ ముఠాకు చోటిచ్చి కాపాడుతున్నవాడి సంగతేమిటి?"

రాజుకు ఆ మాట తేనె పూసినట్టుంది. ఇన్నాళ్ళకు తనలాగా ఆలోచించేవాడు దొరికాడు.

"వాడికీ అదే శిక్ష. రాయించు. చోటిచ్చినవాడు ఎవడైనా సరే, ఉన్నచోటు ఖాళీ చేసి పోవలసిందే. నా తోడబుట్టినవాడైనా వదలను."

"తమరికి మాత్రం మినహాయింపు అని రాయమంటారా?"

"నాకెందుకయ్యా మినహాయింపు? మొహమాటపడకుండా రాయి."

రాయసగాడు రాశాడు. రాజు చదివి చూసుకుని స్వయంగా ముద్ర వేశాడు.

పేరిభట్టు ఆ శాసనం కళ్ళకద్దుకుని, "ముఠా ఇప్పుడు సభలోనే ఉంది ప్రభూ" అన్నాడు. రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. మంత్రి సేనాపతి నుంచి జరిగి కూర్చున్నాడు, సేనాపతి మంత్రి నుంచి జరిగాడు. కామినేడు అందరికీ దూరంగా జరిగాడు.

"ఎక్కడ?"

"తమ నెత్తిమీద."

నిచ్చెన తెప్పించి పేరిభట్టు పైకెక్కాడు. చాందినీకీ దూలానికీ మధ్య మడత మెల్లగా పక్కకు తీశాడు. గడ్డీ పీచూ కుక్కిన గూడు, దాని చుట్టూ రాజుగారి జరీ పోగులు. నాలుగు పిచ్చుకపిల్లలు నోళ్ళు తెరుచుకుని రాజుకేసి చూశాయి. తల్లి పిచ్చుక నోట్లో పురుగుతో వచ్చి, ఇంతమంది జనాన్ని చూసి కిచకిచలాడింది.

"మట్టిరంగు జంట ఇదే" అన్నాడు పేరిభట్టు పైనుంచి. "గురప్ప రోజూ సభకు పూలు తెస్తాడు గనక చూశాడు. గట్టుకు కన్నం వేసే నీలం అంగీవాడు లకుముకి. బావి మీద సగం మేడ కట్టి పెళ్ళానికి చూపించుకునేవాడు గిజిగాడు. నల్లోడు కాకి. వాడు పెంచుతున్నది కోకిలపిల్లని."

రాజు ఆఖరి మాటకు గట్టిగా ఊపిరి వదిలి, యువరాజు భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో ఆ కుర్రాడికి తెలియలేదు.

"మరి గురప్ప ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాడు ప్రభూ. తమరు పిట్టకథ అన్నారు."

"మరి గూడుపుఠాణి?"

"గూడు పిట్టలది ప్రభూ. పుఠాణి మనం చేర్చాం."

పేరిభట్టు నిచ్చెన దిగి, శాసనం విప్పి రాజు ముందు పట్టుకున్నాడు. "ఇక మిగిలింది వీటికి చోటిచ్చినవారి సంగతి. చాందినీ ఎవరిదో ఏలినవారే సెలవియ్యాలి."

రాజు తన ముద్రకేసి చూసుకున్నాడు. చాందినీ కేసి చూశాడు. సిగ్గుతో ముఖం కందిపోయింది. తర్వాత భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తాను నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"పొలిమేర దాటమంటావా భట్టూ?"

"అంత దూరమెందుకు ప్రభూ? ఉన్నచోటు ఖాళీ చేయమనేగా రాయించారు. పిల్లలు ఎగిరేదాకా కింద కూర్చుంటే శాసనం చెల్లినట్టే."

రాజు సింహాసనం దిగి కింద చాప మీద కూర్చున్నాడు. గురప్ప కట్లు తనే విప్పాడు. "నీ కూతురు పురుడు పోసుకునేదాకా మా మంత్రసాని మీ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. గురప్ప కన్నీళ్ళతో చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఆ పైన రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి పేరిభట్టుకు కప్పాడు. కప్పినవాడు మళ్ళీ దగ్గరికి లాగి, పైకొకసారి చూసి, చెవిలో అన్నాడు.

"అంచు జాగ్రత్త. ఆ పిచ్చుక ఇటే చూస్తోంది."