ఊపిరి ఎటు పోతోందో

పడవ ఇంజను అందుకోవడం లేదు. సదాశివం పొద్దుటి నుంచీ హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు.

మామూలుగా ఆ హ్యాండిల్ కొంత తిరిగేసరికి లోపల గాలి బిగుసుకుని చేతిని వెనక్కి తోస్తుంది. ఆ బిగువు మీదే డీజిలు అంటుకుంటుంది. ఇప్పుడు ఆ బిగువే లేదు. తాడు తెగిన గిలకలా ఉత్తినే తిరుగుతోంది.

"కంప్రెషన్ పోయింది" అనుకున్నాడు.

అది గోదావరి మధ్య లంకలో నిరంజనస్వామి ఆశ్రమం పడవ. లంకలో వాళ్లు ఆస్పత్రికైనా సంతకైనా అందులోనే ఒడ్డుకు పోవాలి. నడిపేవాడు ఓలేటి లోవరాజు. ఇంజను బాగోగులు సదాశివానివి. స్వామికి శిష్యుడు కాకముందు అతను కాకినాడలో డీజిలు మెకానిక్కు.

మొన్న నదికి ఎర్రనీరు తగిలిన నాడు, నిండు పడవ నడిమధ్యలో ఉండగా ఇంజను నీరసించి ఆగిపోయింది. వరద పడవను దిగువకు ఈడ్చుకుపోయింది. లోవరాజు లంగరు విసిరి, తాడు చేతికి చుట్టుకుని కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. తాడు అరచేతిని కోసేసింది. చివరికి పడవ ఒక ఇసుకమేటకు తట్టుకుంది. మనుషులంతా బతికారు. నూకాలమ్మ అనే ముసలావిడ అమ్ముకుందామని తెచ్చిన మేకపిల్ల మాత్రం నీళ్లలో కొట్టుకుపోయింది.

వాళ్లందరినీ వేరే పడవలో రేవుకు చేర్చి, ఆగిన పడవనూ లాక్కొచ్చాక, జనం ముందే సదాశివం లోవరాజు మీద విరుచుకుపడ్డాడు.

"ఆయిలు చూసుకోకుండా నడిపి రింగులు అరగ్గొట్టావు. ఇంతమందినీ చంపేసేవాడివి!"

లోవరాజు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ రేవుకు రాలేదు.

ఇప్పుడు హ్యాండిల్ వదిలేసి సదాశివం స్వామి దగ్గరికి వెళ్లాడు.

"రింగులు పోయాయి స్వామీ. ఇంజను మొత్తం విప్పాలి. ఇక లోవరాజును పడవ ఎక్కనివ్వకూడదు."

స్వామి కాషాయం కట్టకముందు చాలా ఏళ్లు లాంచీ నడిపినవాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు.

"రింగులని ఎలా తెలిసింది?"

"వాడికి అజాగ్రత్త స్వామీ. ఆయిలు సరిగా చూడడు."

"నేనడిగింది ఇంజను సంగతి."

స్వామి లేచి రేవు వైపు నడిచాడు.

పడవలోకి దిగి, ముందు ఆయిలు పుల్ల లాగి శిష్యుడి చేతికిచ్చాడు. ఆయిలు గీత దాకా ఉంది.

"లోపల కాస్త ఆయిలు పోసి తిప్పు" అన్నాడు.

ఎందుకో సదాశివానికి తెలుసు. పిస్టన్‌కు తొడిగిన రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు వాటి చుట్టూ చేరి కాసేపు సందులు కప్పుతుంది. హ్యాండిల్‌కు బిగువు తిరిగొస్తుంది. గాలి పీల్చే గొట్టంలోంచి కొంచెం ఆయిలు పోసి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అదే తేలిక.

"రింగులు కాదు" అన్నాడు మెల్లిగా.

"మరి ఊపిరి ఎటు పోతోంది?"

"తెలియడం లేదు స్వామీ."

స్వామి ఉత్తరీయం తీసి పక్కన పెట్టి, అతని చేతిలోంచి హ్యాండిల్ తీసుకున్నాడు.

"మీరెందుకు స్వామీ, నేను..."

"నేను తిప్పుతాను. నువ్వు విను."

డెబ్భై దాటిన మనిషి వంగి ఇంజను తిప్పుతున్నాడు. వేగంగా కాదు, నెమ్మదిగా. మెడ మీద చెమట కారుతోంది. సదాశివం మోకాళ్ల మీద కూర్చుని గాలి పీల్చే గొట్టానికి చెవి పెట్టాడు. ఏమీ లేదు. పొగగొట్టం దగ్గరికి జరిగాడు. పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ లోపలి నుంచి సన్నగా, నిద్రలో మనిషి విడిచిన ఊపిరిలా, 'హుస్' మంటోంది.

"పొగ పోయే వాల్వు మూసుకోవడం లేదు స్వామీ."

"పై మూత తియ్యి."

మూత మీదికి వెళ్లిన సదాశివం చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ మూత ఆఖరిసారి తీసింది అతనే. తెల్లవారుజామున ధ్యానం వేళకే మొదటి పడవ బయల్దేరుతుంది. ఇంజను పైన టకటకమని చప్పుడు. కళ్లు మూసుకుంటే అదే వినబడేది. ఒకరోజు విసుగుపుట్టి ఆ మూత తీసి, వాల్వుల మీది మరలు రెండూ చప్పుడు చచ్చేదాకా బిగించేశాడు. లోవరాజు అప్పుడే అన్నాడు, "ఆ కాస్త చప్పుడూ దానికి ఉండాలేమోనండీ" అని. "ఇంజను సంగతి నాకు చెబుతావా?" అని అతని నోరు మూయించాడు.

మూత తీశాడు. పనిముట్ల పెట్టెలోంచి స్వామి సందు కొలిచే పల్చటి రేకు వెతికి అందించాడు. వాల్వు కాడకీ దాన్ని తొక్కే మరకీ నడుమ ఆ రేకు దూరాలి. సదాశివం ఇటునుంచి తోశాడు, అటునుంచి తోశాడు. దూరలేదు. పొగ పోయే వైపు వేడి ఎక్కువ. వేడెక్కితే ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేక వాల్వు వెంట్రుకవాసి తెరుచుకునే ఉండిపోయింది. ఆ సందులోంచి మంట ఎగదన్ని అంచు కాల్చేసింది.

"నేనే బిగించాను స్వామీ."

"దొరికింది కదా" అన్నాడు స్వామి. పానా అతని పక్కన పెట్టి, గట్టెక్కి వెళ్లిపోయాడు.

సదాశివం ఒక్కడే వాల్వులుండే పైదిమ్మ, హెడ్డు, విప్పి దించాడు. వాల్వు అంచుకు అరగదీసే మందు రాసి, అరచేతుల మధ్య పుల్ల తిప్పినట్టు తిప్పి తిప్పి నూరాడు. మాపటికి మళ్లీ అన్నీ బిగించి, రేకు దూరేంత సందు వదిలి, హ్యాండిల్ పట్టాడు. లోపలి గాలి అతని చేతిని వెనక్కి తోసింది. ఇంజను అందుకుంది. అతనికి సంతోషం కలగలేదు.

దాన్ని ఆపి, తిన్నగా లోవరాజు ఇంటికి వెళ్లాడు. అరుగు మీద లోవరాజు భార్య మంగ అతని చేతికి కట్టు మారుస్తోంది.

"తప్పు నాది లోవరాజూ. నేనే వాల్వు బిగించి పాడుచేశాను. నీవల్ల కాదు" అన్నాడు సదాశివం.

లోవరాజు తలెత్తలేదు. "ఇంజను బాగైందాండీ?" అని మాత్రం అడిగాడు.

"బాగైంది."

మంగ కట్టు ముడి వేసి లేచింది. "ఆ రోజు మాటన్నది రేవులో, ఊరందరూ వింటుండగా. ఇప్పుడొచ్చి మా అరుగు మీద మాకొక్కళ్లకే చెబుతున్నారా బాబూ?"

సదాశివం వెనుదిరిగి ఆశ్రమం దారి పట్టాడు.

ఆశ్రమానికి వచ్చేసరికి స్వామి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "లోవరాజు ఏమన్నాడు?"

"అతనేమీ అనలేదు. మంగ అంది." ఆమె మాటను ఉన్నదున్నట్టు చెప్పాడు.

స్వామి లేచాడు. "నీకు గురువు దొరికింది" అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సదాశివం రేవులో నిలబడ్డాడు. పడవ బాగైందని విని జనం వచ్చారు. పాలకేన్లవాళ్లు, బడిపిల్లలు, నూకాలమ్మ. చివరగా లోవరాజు, వెనకే మంగ.

సదాశివం జనం వైపు తిరిగాడు.

"ఆ రోజు ఇంజను ఆగింది నావల్ల. నా చేతకానితనం లోవరాజు మీదకు నెట్టాను. మీరంతా బతికింది అతనివల్ల."

నూకాలమ్మ దగ్గరికి వెళ్లి, "నీ మేకపిల్ల పోయింది కూడా నావల్లే అవ్వా" అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, మొహం నీళ్ల వైపు తిప్పుకుంది. అతను అలాగే నిలబడ్డాడు.

లోవరాజు పడవలోకి దిగాడు. జనం ఒక్కొక్కరే ఎక్కారు. గట్టు మీద సదాశివం ఒక్కడే మిగిలాడు.

"కట్టు కట్టిన చేతికి పట్టు దొరకడం లేదండీ" అన్నాడు లోవరాజు అతని వైపు చూడకుండానే. "చుక్కాని దగ్గర ఓ మనిషి కావాలి."

సదాశివం చెప్పులు గట్టునే విడిచి పడవ ఎక్కాడు.