ఉప్పు బండి ఆపిన రాజు

అనగనగా కొండల నడుమ ఒక బుల్లి దేశం ఉండేదే తల్లీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతా. ఆ దేశం నిండా మామిడి తోటలే. అక్కడి ఆవకాయ పేరు చెబితే ఏడూళ్ళ వాళ్ళకి నోరూరేది. ఏటా జాడీలకి జాడీలు బండ్లెక్కి పై దేశాలకి పోయేవి. దాన్ని ఎగుమతి అంటారు. అక్కణ్ణుంచి ఉప్పూ, నువ్వుల నూనే, ఖాళీ జాడీలూ వచ్చేవి. అది దిగుమతి.

రాజు మంచివాడే గానీ లెక్కల పిచ్చి. ఒకరోజు కనుమ దారిలో కూర్చుని బండ్లు లెక్కపెట్టాడు. పోయినవి పది, వచ్చినవి పన్నెండు. అప్పుడు గుండె బాదుకున్నాడు. "మునిగిపోయాం! ఇకనుంచి మన సరుకు పోవాలి, బంగారం రావాలి. ఇంకేదీ లోపలికి రాకూడదు" అని దారికి అడ్డంగా తలుపు పెట్టించాడు. అతి తెలివి అంటే అదే మరి.

మొదట కూరలు చప్పబడ్డాయి. పిల్లలు కంచాలు తోసేశారు. "ఓర్చుకోండి" అన్నాడు రాజు. ఆ తర్వాత నూనె నిండుకుంది. "ఇంకాస్త ఓర్చుకోండి" అన్నాడు. ఆ తర్వాత మామిడికాయ టెంక కట్టింది. ఆవకాయకి అదే అదను. నాలుగు రోజులు దాటి తొలకరి పడిందా, కాయ పండుబారుతుంది. ఉప్పు వేయకుండా కలిపితేనేమో బూజు పడుతుంది.

ఆ దేశంలో నాంచారమ్మ అని ఊరగాయలు పెట్టే ఆవిడ ఉండేది. మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు. ఏడాది తిండి ఆ పచ్చడి మీదే. పాపం, కాయల రాశి చూసుకుని ఏడుస్తూ కనుమ దగ్గరికి పరుగెత్తింది.

తలుపు అవతల ఉప్పు బండ్లతో ఎర్రయ్య కూర్చునున్నాడు. సముద్రం ఒడ్డున ఎండకి మాడి ఉప్పు పండించే మనిషి. వాన పడితే ఉప్పంతా కరిగిపోతుందని మబ్బుల కేసే చూస్తున్నాడు.

"ఏటా మా పచ్చడి కొనేవాడివి, ఈ ఏడు కొనవా అన్నా?" అంది నాంచారమ్మ.

"మా ఉప్పు మీరు కొంటేనే గదమ్మా, మీ పచ్చడి కొనడానికి మా చేతిలో ఏదైనా ఉండేది!" అన్నాడు ఎర్రయ్య.

అప్పుడు నాంచారమ్మ ఏం చేసిందో తెలుసా? జాడీ అడుగున మిగిలిన పాత ఆవకాయ గిన్నెలో పెట్టుకుని రాజుగారింటికి వెళ్ళింది. చప్పిడి తిండితో విసిగిన రాజు వేళ్ళు నాకేశాడు. రాజు తల్లి గిన్నె కడిగి, అందులో బెల్లం ముక్క వేయబోయింది.

"వద్దమ్మా, ఖాళీ గిన్నె చాలు" అంది నాంచారమ్మ.

"ఛ, పచ్చడి తిని ఖాళీ గిన్నె ఇస్తామా? మా పరువేం కాను!" అన్నాడు రాజు.

"మన పచ్చడి తినేవాళ్ళకి పరువుండదా మహారాజా? వాళ్ళు ఉప్పు పోసి పంపుతుంటే మనం తలుపేసుక్కూర్చున్నాం."

రాజు తల వంచుకున్నాడు. "మరి లెక్క చూసుకోవద్దా అమ్మా?" అని తల్లి దగ్గర నసిగాడు.

"చూసుకో నాయనా. పోయిందెంతో వచ్చిందెంతో చూడాల్సిందే. వచ్చినదాంతో ఏం చేసుకున్నామో కూడా చూడు. ఊరికే పట్టుబట్టలే వచ్చిపడుతుంటే బెంగపడు. ఉప్పొస్తే ఊరగాయవుతుంది కదా!" అంది తల్లి.

అప్పుడు రాజు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, తన చేత్తోనే తలుపు తీశాడు. బస్తాలు కూడా మోశాడు. ఎర్రయ్య వెనక ఆగిన నూనె బండ్లూ లోపలికొచ్చాయి. చివరి బస్తా లోపల పడ్డాక చినుకు మొదలైంది. ఇంటింటా కత్తిపీటలు లేచాయి.

మూడోనాడు పచ్చడి తిరగకలిపారు. రాజు వేడన్నంలో కలిపి మొదటి ముద్ద ఎర్రయ్య చేతిలో పెట్టాడు. "నీ మేలు మరిచిపోనయ్యా" అన్నాడు.

"అదేంటి దొరా! మా పిల్లలు గంజిలో నంజుకునేది మీ ఊరగాయే. రోజూ ఉప్పు మళ్ళోకి దిగేముందు ఈ కొండకి దండం పెట్టుకుంటాం."

"తలుపేసిన రోజుల్లో కూడానా?"

"ఆ రోజుల్లో ఇంకొకటి ఎక్కువే పెట్టాం. మీకేం కష్టమొచ్చిందో అని."

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవకాయ కారం అన్నాడట. నేను నమ్మను.

ఉప్పు బండి కొండకీ,
ఊరగాయ కడలికీ,
కథేమో కంచికీ,
నా బంగారు తల్లి నిద్దరకీ!