పైడమ్మ వేయించిన పందిరి

వీరభూపతి దొరకి కొత్త హంగులంటే మోజు. పెరట్లో తాటాకు పందిరి పీకించి, నేలంతా నల్లరాయి వేయించాడు. ప్రతి వేసవీ ఆ పందిరి కిందే గడిపే ఆయన తల్లి అచ్చమాంబ, ఇప్పుడు గదిలో ఉక్కకి అల్లాడిపోతోంది.

"రాయి కాలిపోతోంది దొరా. అమ్మగారు బయటికి రాలేకపోతన్నారు. మళ్ళీ పందిరి వేయించండి," అంది పనిమనిషి పైడమ్మ.

"ఇంత ఖరీదైన రాతి మీద తాటాకులా? నేను రోజూ నడవడం లేదూ? ఎక్కడే వేడి?" అన్నాడు దొర, మందపాటి తోలుచెప్పులు టకటకలాడిస్తూ.

పైడమ్మ మర్నాడు ఎండెక్కకముందే పెరటి చివర, పశువులపాక చూరు కింద మంచం వేసి, అచ్చమాంబని నడిపించుకెళ్ళి కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం దొర పొరుగూరు బయల్దేరాడు. తల్లికి దణ్ణం పెట్టనిదే ఊరు కదలడు. తల్లి కంటపడితే చెప్పులు విప్పాల్సిందే, అది ఆ ఇంటి మర్యాద. అరుగు మీదే చెప్పులు వదిలి పెరట్లోకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, మంచం దాకా గెంతుకుంటూ పరిగెత్తాడు.

"కాళ్ళు కాలాయా నాయనా!" అంటూ అచ్చమాంబ తన చెంబులో తాగే నీళ్ళన్నీ కొడుకు పాదాల మీద పోసేసింది.

దొర పైడమ్మ వైపు ఉరిమి చూశాడు. "ఇది నీ పనేనా?"

"రోజూ నడుస్తున్నానన్నారు కదండీ! ఇన్నాళ్ళూ నడిచింది తమరి చెప్పులు. తమరు నడిచింది ఇవాళే."

దొర తడిసిన తన పాదాలకేసి చూసుకున్నాడు. ప్రయాణం మానేశాడు. సాయంత్రానికి పందిరి లేచింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన అరుగు మీద నిలబడి చూస్తుంటే, పందిరి కింద అచ్చమాంబ పక్కకి జరిగి చోటు చూపించింది.

"చెప్పులు విప్పి రా నాయనా. ఇప్పుడు చల్లగా ఉంది."