కొయ్య ఏనుగు చదువు

వెనకటికి కేసరిపురమనే రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ వానలు సరిగ్గా కురిసేవో లేదో నాకు తెలియదు గాని, బిరుదులు మాత్రం కుండపోతగా కురిసేవి. దాన్ని ఏలే విజయబాహు మహారాజుకు రెండంటే ప్రాణం. ఒకటి తన పట్టపుటేనుగు భద్ర. రెండోది తాను కట్టించిన గజవిద్యాపీఠం.

ఆ పీఠంలో ఏనుగుల పోషణ ఏడేళ్లు నేర్పేవారు. పరీక్షశాల నడుమ ఒక కొయ్య ఏనుగు ఉండేది. దాన్ని చేసిన వడ్రంగి అందం కోసం ముందరి ఎడమకాలు పైకెత్తినట్టు చెక్కాడు. విద్యార్థి బెత్తంతో ఒక్కొక్క అవయవాన్నీ తాకుతూ ఏడువందల శ్లోకాలు అప్పజెప్పాలి. అన్నీ తప్పు పోకుండా చెప్పినవాడికి పట్టుశాలువా కప్పేవారు. ప్రాణమున్న ఏనుగును మాత్రం పీఠం గడప తొక్కనిచ్చేవారు కాదు, లద్దె వేస్తుందని.

ఇంతా చేస్తే శాలువా కప్పుకున్నవాళ్లకు ఎక్కడా పని దొరకలేదు. కలప అడితుల వాళ్లు వద్దన్నారు, గుళ్ల ధర్మకర్తలు వద్దన్నారు. రాజుకు తల కొట్టేసినట్టయింది. కారణం కనిపెట్టమని పీఠాధిపతి సోమయాజిగారిని ఆజ్ఞాపించాడు. ఆయన పదిమంది పండితులను కూడగట్టుకుని ఏడాదిపాటు పరిశోధించారు, మూడు బళ్ల తాటాకులు నింపారు. చివరికి తేల్చింది ఒక్కటే. చదువులో లోపం లేదు, పరీక్షలో లోపం లేదు, లోపమంతా పని ఇవ్వని జనంలో ఉంది.

రాజుకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. శాలువా లేనివాడెవడూ విజయదశమి నుంచి ఏనుగును ముట్టరాదని అప్పటికప్పుడు శాసనం పలికాడు.

అది విని రాజుగారి ఆంతరంగికుడు కొమ్మనకు గుండె కలుక్కుమంది. భద్ర మావటి మాదయ్య అతనికి చిన్ననాటి నేస్తం. ముప్పై ఏళ్లుగా భద్ర పక్కన తప్ప మరోచోట కునుకు తీసి ఎరగడు. శ్లోకమంటే ఒక్కటీ రాదు. భద్రను విడిచి ఆ మనిషి ఎక్కడికని పోతాడు?

మర్నాడు నిండు కొలువులో లేచి, కొమ్మన ఆ శాసనాన్ని తెగ పొగిడాడు. ఆపైన ఒక చిన్న మనవి చేసుకున్నాడు. ఈసారి దసరా ఊరేగింపులో మాదయ్య బదులు, పీఠంలో ప్రథముడిగా తేలిన పినాకపాణి భద్రను నడిపితే జనం నోళ్లు మూతపడతాయన్నాడు. రాజు భేషని తొడ చరిచాడు.

"మరొక్కటి ప్రభూ," అన్నాడు కొమ్మన. "అంబారీలో తమ పక్కన సోమయాజిగారు కూర్చోవాలి. పినాకపాణికి శాలువా కప్పింది వారే కదా. ఆ గౌరవం వారికే దక్కాలి."

సోమయాజిగారి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. తనకు మోకాళ్ల నొప్పులని, ఎత్తు పడదని నసిగారు. పోనీ తక్కిన పండితుల్లో ఎవరైనా సరేనన్నాడు కొమ్మన. ఒకరికి సరిగ్గా ఆ రోజే తద్దినం వచ్చింది. ఇంకొకరికి ఏదో వ్రతమట. మరొకరికి అక్కడికక్కడే కళ్లు తిరిగాయి. పదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. పినాకపాణిని పిలిపించి, ఇంతవరకు ఏనుగును ఎన్నిసార్లు ఎక్కావని అడిగాడు. పినాకపాణి మంచివాడు, అబద్ధం చేతకాదు.

"ఎక్కలేదు ప్రభూ. నేను తాకింది కొయ్య ఏనుగునే. నిన్న తమ శాసనం విని సంబరంగా గజశాలకు వెళ్లాను. భద్ర కాలు కడుగుదామంటే అది ఎత్తలేదు. ఏనుగుకు ఎడమకాలు ఎప్పుడూ ఎత్తే ఉంటుందనుకున్నాను. ఎత్తమని మనం అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు."

కొమ్మన చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మూడు బళ్ల తాటాకులు చదవక్కర్లేదు. పరీక్ష పెట్టినవారే తమ శిష్యుడు నడిపే ఏనుగును ఎక్కనంటున్నారు. జనం వద్దన్నదీ అందుకే. పాపం, జనానికి తద్దినాలూ వ్రతాలూ సమయానికి తోచక ఉన్నమాట చెప్పేశారు."

రాజు ఒక్క క్షణం గుర్రుగా చూశాడు. అంబారీలో తానొక్కడే ఊగుతూ పోవడం కళ్లముందు మెదిలిందేమో, ముందు ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, చివరికి సింహాసనం అదిరేలా నవ్వాడు. శాసనం అక్కడే రద్దయింది. మాదయ్య భద్రను విడవనక్కర్లేకుండానే పీఠానికి గురువయ్యాడు. సోమయాజిగారు ఇకమీదట శ్లోకాలు చెప్పాల్సింది గజశాలలోనే. శాలువా ఎవరికన్నది భద్ర తేలుస్తుంది.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. ఆ కొయ్య ఏనుగును ఇప్పించమన్నాడు కొమ్మన. అదెందుకయ్యా అంటే, "నాకూ ఏనుగెక్కాలని ముచ్చట ప్రభూ. నాకున్న ధైర్యానికి అదే చాలు," అన్నాడు. రాజు మళ్లీ నవ్వి, మెడలోని ముత్యాలహారం కూడా తీసి అతని మెడలో వేశాడు.

ఆరు నెలలు మాదయ్య దగ్గర లద్దెలు ఎత్తి, మేత కోసి, ఒకనాడు పినాకపాణి పరీక్షకు నిలబడ్డాడు. భద్రను పేరుపెట్టి పిలిచి, కాలెత్తమని అడిగాడు. భద్ర అతని చేతిలో బెల్లంముద్ద తీసుకుని తిన్నది. కాసేపు మాదయ్య వంక చూసింది. ఆ తర్వాత తీరుబడిగా ఎడమకాలు ఎత్తింది.

శాలువా భుజాన పడకముందే కలప అడితి నుంచి అతనికి కబురొచ్చింది.