ఎడమగట్టు పక్షానికి నాయకుడు కావలెను

అనగా అనగా, సముద్రం ఊళ్లకు ఇప్పటికంటే కాస్త దగ్గరగా ఉండే రోజుల్లో, సాగరవరం అనే రేవు పట్నం ఉండేది. ఆ పట్నమంతా ఉప్పు మీదే బతికేది. ఉప్పంతా ధర్మలింగం అనే ఒకే ఒక్క షావుకారుది. ఆ ఉప్పును కొఠార్ల నుంచి పడవల దాకా వీపుల మీద మోసేవి మాత్రం ఎద్దులు, గేదెలు, గాడిదలు, కంచరగాడిదలు.

పట్నం పక్కనే ఒక కాలువ. కుడిగట్టున షావుకారు బండి లాగే గుర్రాలు ఉండేవి. వాటికి నీడ ఉంది, పచ్చగడ్డి ఉంది, ఫిర్యాదులు లేవు. ఎడమగట్టున మోత జంతువులు ఉండేవి. వాటికి ఫిర్యాదులు తప్ప ఇంకేమీ లేవు. అందుకని అవన్నీ ఒక పక్షంగా ఏర్పడ్డాయి. ఎడమ చెవికి ఎర్రగుడ్డ పీలిక కట్టుకున్నవాళ్లంతా ఎడమగట్టు పక్షం సభ్యులే.

పక్షం మంచిదే. ఒక్కటే ఇబ్బంది. దాహం వేసి కాలువలోకి దిగాలన్నా ముందు తీర్మానం పెట్టాలి. దానికి సవరణలు రావాలి. సవరణల మీద చర్చ జరగాలి. ఈలోగా కొందరు వెళ్లి కడుపునిండా నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ వచ్చి చర్చలో కూర్చునేవాళ్లు.

నిరుడు షావుకారు ఒక బస్తా బరువును రెండు బస్తాలు చేశాడు. ఎద్దుకు పెద్ద బస్తాలు, గాడిదకు చిన్నవి, అంతే తేడా. పక్షం సమ్మె కట్టింది. సమ్మె ముగిసేదాకా షావుకారు మేత ముట్టకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం, కొఠారు గోడ వెనక నానబెట్టిన ఉలవల తొట్టి ఖాళీగా కనిపించింది.

"తిన్నది మనవాళ్లే!" అనే మాట గట్టంతా పాకింది. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. సాయంత్రానికల్లా సమ్మె చెదిరిపోయింది. రెండు బస్తాలూ వీపులెక్కాయి.

మరి దొంగ ఎవరు? గోడేమో ఎత్తు. దాని మీదుగా మెడ చాచగలిగినవాడు లంబోష్ఠుడనే ఒంటె ఒక్కడే. పైగా వాడు ఎక్కడి ఎడారి నుంచో వచ్చినవాడు.

"నేను తినలేదు" అన్నాడు ఒంటె.

"ఆ మెడ చూస్తే తెలియడం లేదూ!" అన్నారు అందరూ. ఎర్రగుడ్డ విప్పేసి వాణ్ని పక్షం నుంచి వెలివేశారు. అప్పటి నుంచి వాడు కాలువ చివర తుమ్మపొదల దగ్గర ఒంటరిగా ఉంటున్నాడు.

ఈ ఏడు షావుకారు మళ్లీ కబురు పంపాడు. "ఎల్లుండి సముద్రపు పెద్ద పోటుకు పడవలు కదలాలి. ఇక నుంచి తలకు మూడేసి బస్తాలు మోయాలి."

మూడు బస్తాలంటే ముసలివాళ్ల నడుములు నిలవవు. పక్షానికి నాయకుడైన దున్నపోతు రెండు బస్తాలకే మోకాళ్లు చెడి తప్పుకున్నాడు. కొత్త నాయకుడు వెంటనే కావాలి.

ముగ్గురు పోటీకి వచ్చారు. మొదటివాడు ఘనఘోషుడనే ఎద్దు. అతడు నినాదం ఇస్తే అవతలి గట్టున గుర్రాలు మేత మానేసి చూసేవి. రెండోవాడు తర్కశూరుడనే కంచరగాడిద. పక్షం నియమాలన్నీ అతడికి నోటికొచ్చు. ఇప్పటికి రెండుసార్లు అలిగి పక్షాన్ని చీల్చి, అటువైపు ఎవరూ రాకపోతే తిరిగొచ్చాడు. మూడో ఆవిడ ధూసరి అనే గాడిద. ఉపన్యాసం రాదు. దారిలో ఎవరైనా కుంటితే పక్కన నడుస్తుంది, అంతే.

సభకు పెద్ద కాటుకమ్మ అనే ముసలి గేదె. ఆమె తోక ఒకసారి విదిలించి చెప్పింది.

"నియమాలు తెలుసుగా? పోటీ చేసేవాళ్లు ఇవాళ అందరి ముందూ తమ తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాన్ని ఆత్మవిమర్శ అంటారు. రేపు ఒకరి తరవాత ఒకరు షావుకారుతో మాట్లాడాలి. మూడో బస్తాను ఎవరు దింపితే వాళ్లే నాయకులు. రండి, కానివ్వండి."

ఘనఘోషుడు ముందుకొచ్చి గంభీరంగా తల ఎత్తాడు. "సోదరులారా! నావల్ల ఒక పెద్ద తప్పు జరిగింది. రాత్రింబవళ్లు మీ కోసం శ్రమించి, నా ఆరోగ్యాన్ని పూర్తిగా నిర్లక్ష్యం చేశాను!"

చాలామంది కళ్లు చెమర్చాయి. కాటుకమ్మ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. "నీ ఆరోగ్యానికేమైంది నాయనా? గంగడోలు నేలకు రాసుకుంటోంది!"

తర్కశూరుడు గొంతు సవరించుకున్నాడు. "నా తప్పు ఏమిటంటే, ఈ పక్షంలో మిగతావాళ్ల తప్పులను ఇన్నాళ్లూ సహించడం. అవి మొత్తం ఇరవై ఆరు. మొదటిది..."

"కూర్చో!" అంది సభంతా.

ధూసరి లేచి నిలబడింది. చెవులు వాల్చింది, ఎత్తింది, మళ్లీ వాల్చింది.

"నిరుడు సమ్మెలో మూడో రోజు, షావుకారు వెనక తలుపు తీసి, మాట్లాడుకుందాం రమ్మన్నాడు. వెళ్లాను. తొట్టి చూపించాడు. ఆకలిగా ఉంది. ఉలవలు తిన్నాను. ఒంటెను వెలివేసేటప్పుడు మీతో పాటు నేనూ తలూపాను. వాడు తినలేదు."

గట్టు దద్దరిల్లింది.

"ద్రోహి!" అని ఎద్దు రంకె వేశాడు.

"మూడో నియమం, ఐదో భాగం! తక్షణం వెలివేయాలి!" అని కంచరగాడిద కాళ్లు తాటించాడు. అందరికంటే పెద్దగా అరిచింది వాళ్లిద్దరే.

కాటుకమ్మ ధూసరి దగ్గరకు వచ్చింది. "ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదే?"

"చెవి గుడ్డ పోతుందని భయం పెద్దమ్మా."

"ఇప్పుడు పోదా?"

"పోతుంది. కానీ నాయకురాలినంటూ ముందు నడిచి, వెనకాల ఈ అబద్ధాన్ని కూడా ఈడ్చలేను. వీపు మీద రెండు బస్తాలున్నాయి. చాలు."

కాటుకమ్మ అటూ ఇటూ చూసింది. "నియమం నియమమే. పేరిచ్చింది కాబట్టి రేపు వెళ్లి మాట్లాడుతుంది. ఒట్టి చేతులతో వచ్చిందా, ఆ గుడ్డ నేనే విప్పుతాను. వెళ్లి పడుకోండి."

మర్నాడు ఉదయం ఘనఘోషుడు నినాదాల మధ్య కొఠారుకు బయలుదేరాడు. గుమ్మంలో షావుకారు నవ్వుతూ ఎదురొచ్చి, అతడి చెవి దగ్గర వంగి ఒకే ఒక్క మాట అన్నాడు. ఎద్దు తల కిందికి వాలిపోయింది. తిరిగొచ్చి, "సోదరులారా, కాలం కలిసి రాలేదు. మూడో బస్తాను మోస్తూనే దాన్ని తీవ్రంగా ఖండిద్దాం" అన్నాడు.

ఆ తరవాత తర్కశూరుడు వెళ్లాడు. షావుకారు అతడి చెవిలోనూ అదే మాట ఊదాడు. అతడూ అంతే వేగంగా తిరిగొచ్చాడు. "మూడో బస్తా అసలు బస్తాయేనా అనేది ముందు తేల్చాలి. దానికొక ఉపసంఘం వేద్దాం. ఈలోగా మోస్తూ ఉందాం" అన్నాడు.

సభ్యులు మొహాలు వేలాడేశారు. ముసలి గాడిదలు నడుములు తడుముకున్నాయి.

ఇక ధూసరి వెళ్లింది. షావుకారు అదే నవ్వుతో వంగాడు.

"ఏమే ధూసరీ, నిరుటి ఉలవలు బాగున్నాయా? మీవాళ్లకు చెప్పమంటావా?"

"చెప్పండి షావుకారు గారూ. నిన్ననే చెప్పాను. ఇంకోసారి వింటారు."

షావుకారు నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది. "ఎవరికి చెప్పావ్?"

"అందరికీ. సభలో నిలబడి చెప్పాను."

అతడు గబగబా లోపలికెళ్లి ఉలవల తొట్టి ఈడ్చుకొచ్చాడు. "ఇదిగో, నువ్వొక్కదానివే తిను. మూడో బస్తా గురించి మాట్లాడకు."

వాసన కమ్మగా ఉంది. ధూసరి ముక్కుపుటాలు అదిరాయి. అయినా తల తిప్పుకుంది. "ముందు బస్తా సంగతి చెప్పండి."

దాంతో షావుకారుకు ఒళ్లు మండింది. "ఓహో, నువ్వొక్కదానివే నిజాయితీపరురాలివా? ఆ రోజు నీకంటే ముందు ఇద్దరొచ్చారు! ఎద్దు సగం మేశాడు. కంచరగాడిద మిగతా దాంట్లో సగం మేశాడు. నువ్వు అడుగు నాకావు. నాయకులట, నాయకులు!"

ధూసరి కళ్లు పెద్దవి చేసింది. "మరి ఒంటె?"

"వాడా! గోడ అవతల నిలబడి ఆ బొంగురు గొంతుతో నినాదాలిచ్చి నా నిద్ర చెడగొట్టాడు!"

ధూసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండూ మింగి, దక్షిణం వైపు మూతి తిప్పి చూపించింది.

"షావుకారు గారూ, ఆ మబ్బు చూశారా? రేపటి పోటుకు పడవలు కదలకపోతే మళ్లీ ఇంత పెద్ద పోటు పదిహేను రోజులకు గాని రాదు. ఈలోగా వాన పడితే మీ ఉప్పు కాలువలో కలుస్తుంది. రెండు బస్తాలైతే ఇప్పుడే ఎత్తుతాం. మూడైతే గట్టు మీద పడుకుంటాం. ఈసారి ఏ తలుపు తీసినా ఎవరూ రారు."

షావుకారు మబ్బును చూశాడు. కుడిగట్టు గుర్రాలను చూశాడు. అవి జీవితంలో ఒక్క బస్తా ఎత్తలేదు. చివరికి కూలబడ్డాడు.

"రెండే మోయండి, తల్లీ."

"మధ్యాహ్నం ఎండలో కొఠారు నీడన విశ్రాంతి కూడా."

"అది కూడానా!"

"రెండు బస్తాలు కూడా ఎక్కువే. పడవలు వెళ్లాక ఆ సంగతి మాట్లాడదాం."

"ఇంకా మాట్లాడతావా?" అని షావుకారు తల పట్టుకున్నాడు.

ధూసరి గట్టుకు చేరి విషయం చెప్పగానే గంతులే గంతులు. ముసలి గాడిద ఒకటి ఏళ్ల తరవాత వెనక కాళ్లు గాల్లోకి విసిరి, తనే ఆశ్చర్యపోయింది.

"షావుకారు ఇంకేమన్నాడు?" అని అడిగింది కాటుకమ్మ.

"అన్నాడు పెద్దమ్మా. కానీ నా తప్పు నేను చెప్పుకున్నాను. మిగతాది చెప్పుకోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు."

ఎద్దు నేల చూశాడు. కంచరగాడిద ఆకాశం చూశాడు. అందరూ వాళ్లిద్దరినీ చూశారు.

"నేను... సగం తిన్నాను" అన్నాడు ఘనఘోషుడు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

"నేను మిగిలిన సగంలో సగం. ఖచ్చితంగా చెప్పాలంటే అంతకంటే నాలుగు గింజలు తక్కువ" అన్నాడు తర్కశూరుడు.

కాటుకమ్మ ముందు నోరు తెరిచింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. "ఓరి మీ దుంప తెగ! నాయకులవుతామన్న ముగ్గురూ తింటే, తినని వాణ్నొక్కణ్నీ వెళ్లగొట్టామా!"

ఆ నవ్వు గట్టంతా అంటుకుంది. నవ్వుతూనే, సిగ్గుపడుతూనే అందరూ కాలువ చివరికి పరుగెత్తారు.

ఒంటె తుమ్మకొమ్మ నములుతూ వాళ్లను పైనుంచి కిందికి చూశాడు. ధూసరి ముందుకొచ్చి, "అన్నా, నీకు అన్యాయం చేశాను" అంది. మిగతా ఇద్దరూ అదే మాట అన్నారు.

"ఏడాదిగా ఒక్కణ్నే నినాదాలిచ్చుకుంటున్నాను. బదులు చెప్పేవాళ్లు లేక గొంతు ఇంకా చెడింది" అన్నాడు లంబోష్ఠుడు. "నన్ను తిరిగి తీసుకున్నట్టు తీర్మానం ఉందా?"

"ఉంది!" అన్నారు అందరూ.

"చిన్న సవరణ..." అని తర్కశూరుడు నోరు తెరిచాడు.

"కూర్చో!" అన్నాడు ఒంటె. ఆ మాటతో వాడు మళ్లీ సభ్యుడైపోయాడు.

ఎడమగట్టులో ఓటు వేయడమంటే, నచ్చినవాళ్ల వెనక వెళ్లి నిలబడడమే. లంబోష్ఠుడు అందరికంటే ముందు నడిచి ధూసరి వెనక నిలబడ్డాడు. తరవాత కాటుకమ్మ, తరవాత ముసలి గాడిదలు. ఎద్దూ కంచరగాడిదా ఎవరు ముందనే దానిమీద కాసేపు వాదించుకుని, వాళ్లూ ఆమె వెనకే నిలబడ్డారు. ఎదురుగా ఒక్కరు కూడా మిగల్లేదు.

మర్నాడు పోటు వచ్చేసరికి, తలకు రెండేసి బస్తాల చొప్పున మోసి, పడవలన్నీ నింపేశారు. ఒంటె గొంతెత్తి పాట అందుకున్నాడు. భరించలేనంత బొంగురు. అయినా ఎవరూ ఆపమనలేదు.

నీతి: తన తప్పును తానే నలుగురిలో చెప్పుకున్నవాళ్ల మెడకు ఎవరూ పలుపుతాడు వేయలేరు.