గోళీకి ముక్కెంత?

విశాఖపట్నంలో పెంపుడు జంతువులను ఊరి నుంచి ఊరికి చేరవేసే చిన్న ఆఫీసులో ధర్మలింగం అనే గుమాస్తా ఉండేవాడు. కుక్కల గురించి ఎవరేం అడిగినా తెలియదు అనే మాట మాత్రం అతని నోట వచ్చేది కాదు. నిజానికి అతనికి చాలానే తెలుసు. ఇరవై ఏళ్లుగా కుక్కల మధ్యే ఉద్యోగం చేశాడు. కానీ తనకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయని ఎవరైనా అంటే మండిపడేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం.

ఆ ఆఫీసులో వేసవికి ఒక నియమం ఉండేది. చప్పిడి ముక్కు కుక్కలకు ఎండ వేడిలో ఊపిరి సరిగా ఆడదు. అందుకని వాటి పెట్టెను వ్యాను ముందు భాగంలో, డ్రైవరు దగ్గర ఏసీలో పెట్టాలి. మిగతా కుక్కలు వెనక రెండు చిన్న ఫ్యాన్ల కింద వెళ్లొచ్చు. ఏది ఎక్కడ వెళ్లాలో గుమాస్తా చూసి కాగితం మీద రాయాలి.

మే నెలలో ఒక ఉదయం సుగుణ అనే నర్సు తన కుక్కను తీసుకుని వచ్చింది. ఆమెకు రాజమండ్రి బదిలీ అయింది. కుక్క పేరు గోళీ. నలుపూ తెలుపూ ఒళ్లు, ఉబ్బెత్తు కళ్లు, పిల్లి కంటే కాస్త పెద్దది. అది కొత్త మనుషులను చూసి సుగుణ కాళ్ల మధ్య దూరింది.

"జాతి ఏమిటమ్మా?" అన్నాడు ధర్మలింగం తల ఎత్తకుండానే.

"బోస్టన్ టెర్రియర్ అండీ. ఇది చప్పిడి ముక్కు వాటిలోకి వస్తుందాండీ? నాకు సరిగ్గా తెలీదు. ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు."

ధర్మలింగం గోడ మీద అంటించిన చప్పిడి ముక్కు జాతుల పట్టీ చూశాడు. పగ్ ఉంది, బుల్‌డాగ్ ఉంది, ఈ పేరు లేదు. చిన్నప్పుడు తమ వీధి చివర బంగళాలో ఎలుకలు పట్టే టెర్రియర్లు అతనికి గుర్తొచ్చాయి. వాటికి మూరెడు మూతులు.

"టెర్రియర్ అని మీరే అంటున్నారు కదమ్మా. టెర్రియర్లకు ముక్కు పొడుగు. నిశ్చింతగా వెళ్లండి," అంటూ కాగితం మీద 'వెనక' అని రాశాడు.

సుగుణ రెండోసారి అడగబోయి, అంత అనుభవం ఉన్న మనిషి చెబుతున్నాడు కదా అని ఊరుకుంది. గోళీ తల నిమిరి రైలుకు వెళ్లిపోయింది.

ఆ రోజు వ్యానులో వెళ్లే సహాయకుడు సెలవు పెట్టాడు. ధర్మలింగమే బయలుదేరాల్సి వచ్చింది. పెట్టె ఎక్కిస్తూ డ్రైవరు సన్యాసిరావు ఆగిపోయాడు.

"లింగం గారూ, దీనికి ముక్కేదండీ? మూతి మీద రోకలితో కొట్టినట్టుంది."

"నీకు బండి తోలడం తెలుసు. నాకు కుక్కలు తెలుసు. ఎవడి పని వాడు చేద్దాం. వెనక పెట్టు," అన్నాడు ధర్మలింగం.

సన్యాసిరావు పెట్టె ఎత్తాడు. వెనక పెట్టాడు.

అనకాపల్లి దాటేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ముందు ఏసీలో ధర్మలింగం హాయిగా కూర్చున్నాడు. ఎలమంచిలి దగ్గర వెనక నుంచి గరగరమని చప్పుడు మొదలైంది.

"ఏటండీ ఆ గురక?" అన్నాడు సన్యాసిరావు.

"నిద్రపోతోంది. పోనీయ్."

అన్నాడే గాని, అతని చెవి ఆ చప్పుడును వదల్లేదు. నిద్రలో గురక అంత తొందర తొందరగా రాదని అతనికి తెలుసు. బండి ఆపమంటే సన్యాసిరావు మాటే నిజమైనట్టు. ఆ ఒక్క ఆలోచనతో మరో పది మైళ్లు నోరు మూసుకున్నాడు. నక్కపల్లి దాటాక గురక ఆగిపోయింది. నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

"ఆపు! బండి ఆపు!" అని అరిచాడు.

వెనక తలుపు తీయగానే సెగ మొహాన కొట్టింది. గోళీ పెట్టెలో పక్కకు పడి ఉంది. నాలుక నేరేడు పండు రంగుకు తిరిగింది. నోటి వెంట నురగ. డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ధర్మలింగానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

తునిలో భ్రమరాంబ అనే పశువుల డాక్టరు ఉండేది. ఆమె నంబరు సన్యాసిరావు ఫోనులో ఉంది. అతను కలిపి ధర్మలింగం చేతికిచ్చాడు.

"వేడికి పడిపోయిందా? ముక్కు పొడుగా, చప్పిడా? త్వరగా చెప్పండి," అంది డాక్టరు.

టెర్రియర్ అండీ అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే తాను రాసిన రాత నిలబడుతుంది. డ్రైవరు పక్కనే నిలబడి వింటున్నాడు. ధర్మలింగం వంగి, పొద్దుటి నుంచి మొదటిసారి ఆ కుక్క మొహం చూశాడు. కళ్ల నుంచి ముక్కు కొనకు తన బొటనవేలు ఆనించాడు. వేలి గోరు మేర కూడా లేదు.

"చప్పిడి ముక్కేనండీ," అన్నాడు. "కాదని నేనే రాశాను. చూడకుండా రాశాను."

"ఆ సంగతి తర్వాత. అలాంటిదానికి చల్లగాలి ఒక్కటే చాలదు, ఆక్సిజన్ పెట్టాలి. నేను సిద్ధం చేస్తాను. మామూలు నీళ్లతో పొట్టా పాదాలూ తడపండి. నోట్లో చుక్క పోయకండి. ఏసీలో పెట్టుకుని రండి."

ధర్మలింగం గోళీని ఒళ్లో పెట్టుకున్నాడు. సీసాలో నీళ్లన్నీ దాని పొట్ట మీద పోశాడు. చొక్కా, ప్యాంటు తడిసిపోయాయి. సన్యాసిరావు హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. దారిలో రెండుసార్లు డొక్కలు కదలడం ఆగినట్టనిపించింది. రెండుసార్లూ ధర్మలింగం చిన్నపిల్లాడిలా, "గోళీ, గోళీ" అని పిలిచాడు. ఇరవై ఏళ్లలో అతను ఏ కుక్కనూ పేరుతో పిలవలేదు.

తునిలో గంటన్నర సేపు దాని మూతికి గొట్టం పెట్టారు. చివరికి నాలుక గులాబీ రంగుకు వచ్చింది. గోళీ కళ్లు తెరిచి, డాక్టరు చెయ్యి నాకింది.

"ఇంకో పావుగంట ఆలస్యమైతే నేనూ ఏమీ చేయలేకపోయేదాన్ని," అంది భ్రమరాంబ.

సాయంత్రం రాజమండ్రిలో సుగుణ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. నీరసంగా ఉన్న కుక్కను ఆమె చేతుల్లో పెట్టి, ధర్మలింగం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆమె గోళీని గుండెకు హత్తుకుని చాలాసేపు ఏడ్చింది.

"నేను ఆసుపత్రిలో పని చేస్తానండీ," అంది చివరికి. "నాకు తెలియని మందు గురించి రోగులు రోజూ అడుగుతారు. డాక్టరు గారిని అడిగి చెబుతానంటాను. ఆ మాట అన్నందుకు ఇంతవరకూ నన్నెవరూ తక్కువగా చూడలేదు. మీరెందుకండీ అంత భయపడ్డారు?"

ధర్మలింగం తల వంచుకుని మెట్లు దిగాడు.

నీతి: తెలియదు అనడానికి సిగ్గుపడేవాడి డాంబికం ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది. పేరు విని తీర్పు చెప్పకూడదు, కళ్లతో చూసి చెప్పాలి.