ఎస్తేరక్క కట్టిన బీటు

కాజీపేట రైల్వే కాలనీలో మహీధర్ అనే ర్యాప్ పాటగాడు ఉండేవాడు; గొంతు మంచిదే గానీ, మెప్పంతా తనకొక్కడికే దక్కాలనే గుణం అతనిది.

అతని పాటలకు బీటు కట్టేది ఎస్తేరు. పెళ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే తండ్రి దగ్గర ఆమె లయ నేర్చుకుంది. పన్నెండేళ్లుగా ఇంటి ముందుగదిలో పాత కంప్యూటరు పెట్టుకుని, ర్యాప్ పాడేవాళ్లకు సంగీతం చేస్తూ ఉండేది. కుట్టుమిషను టకటకలు, గూడ్సుబండి పట్టాలు మారే చప్పుడు, డప్పు దరువు రికార్డు చేసి తెచ్చి, వాటితోనే బీటు అల్లేది. ఆ బీట్ల మీద పాడినవాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఆమె పేరు మాత్రం పక్క వీధిలో కూడా ఎవరికీ తెలియదు.

ఒకసారి మహీధర్ పాటను లక్షల మంది విన్నారు. టీవీ విలేకరి ఒకామె వచ్చి, "ఈ సంగీతం ఎవరిది?" అని అడిగింది. ఎస్తేరు పక్కనే నిలబడి ఉంది.

"అంతా నాదే," అన్నాడు మహీధర్.

విలేకరి వెళ్లాక ఎస్తేరు అడిగింది. "నా పేరు ఒక్కమాట చెప్తే నీ నోరు అరుగుతదా, మహీ?"

"బటన్లు నొక్కుడే కదక్కా! ఆ పని ఎవరైనా చేస్తరు."

"అయితే వాళ్లతోనే చేయించుకో," అంది ఎస్తేరు. ఆ రోజు నుంచి అతనికి బీటు కట్టడం మానేసింది.

నెల తిరగకుండా హైదరాబాదులో పెద్ద పోటీ వచ్చింది. గెలిస్తే ఆల్బమ్ చేసే అవకాశం. మహీధర్ పేరున్న సంగీతకారుడి చేత కొత్త బీటు చేయించుకున్నాడు. అది చెవులు అదిరేలా ఉంది. కానీ వేదిక మీద రెండో చరణంలో అతని నాలుక మడతపడింది. "మ... మ... మట్టి" అంటూ ఆగిపోయాడు. ఎప్పుడో పోయిందనుకున్న చిన్ననాటి నత్తి! బీటు మాత్రం ఆగలేదు. జనం ఈలలు వేశారు. మహీధర్ సగం పాటలోనే వేదిక దిగిపోయాడు.

పాత పాటల్లో రాని నత్తి ఇప్పుడెందుకు వచ్చిందో తెలియక, మర్నాడు ఎస్తేరు బీటు కట్టిన తన పదకొండు పాటలనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. 'మ'తో మొదలయ్యే ప్రతి మాట ముందూ బీటు రవ్వంత ఆగుతోంది. తర్వాత ఒక డప్పు దెబ్బ. ఆ దెబ్బను ఊతంగా పట్టుకుని అతని మాట బయటికి వస్తోంది. ఒక్క పాటలో కాదు, పదకొండింటిలోనూ అంతే.

నేరుగా ఎస్తేరు ఇంటికి వెళ్లాడు. "నా నత్తి సంగతి నీకు తెలుసా అక్కా?"

"మొదటి రికార్డింగులోనే తెలిసింది. పాడేటోని ఊపిరి వినకుండా బీటు ఎట్ల కడతరు?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ప్రతి మాటకూ భయపడేటోనివి."

మహీధర్ తల దించుకున్నాడు. "తప్పయింది. మళ్లా కడతవా అక్కా?"

"ఆ సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పిన అబద్ధాన్ని నీ నోటితోనే సరిచెయ్యి."

అతను ఆ విలేకరిని వెతుక్కుంటూ వెళ్లాడు. "ఆ సంగీతమంతా ఎస్తేరక్కది. నాకు నత్తి ఉంది. అది మీకు వినపడకుండా కాపాడింది ఆమే," అని కెమెరా ముందు చెప్పాడు. చెబుతుండగా రెండుసార్లు నాలుక తడబడింది. అయినా ఆపలేదు.

ఆ తర్వాత ఎస్తేరుకు బీట్ల కోసం ఎన్నో ఊళ్ల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. మహీధర్‌కూ మళ్లీ కడతానంది గానీ, అతను తన వంతు కోసం మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. గొణగకుండా ఆగాడు.

మనల్ని నలుగురిలో నిలబెట్టినవారి పేరు నలుగురిలోనే చెప్పాలి. పంచుకోకుండా మింగిన మెప్పు ఒంటబట్టదు.